వెనక యాక్సిల్ కూత: అరిగిన క్రౌన్–పినియన్ బ్యాక్‌లాష్‌ను పుస్తకం అంకెకు తేవాలా, వద్దా?

పాతలారీ:
1960ల నాటి రెండు యాక్సిళ్ల లారీ. వెనక ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్ (బరువు హబ్‌ల మీదే, లోపలి రాడ్డులు చక్రాలను తిప్పడానికే), స్పైరల్ బెవెల్ క్రౌన్, అంటే వంపు పళ్ల పెద్ద చక్రం. క్రౌన్ పళ్లు 37, దాన్ని తిప్పే చిన్న పినియన్ పళ్లు 6. గేర్‌బాక్స్ నుంచి పినియన్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు ముక్కలు, నడుమ సెంటర్ బేరింగ్. గంటకు 45–55 కి.మీ. మధ్య యాక్సిలరేటర్ తొక్కితే కూత వస్తుంది, కాలు తీస్తే దాదాపు ఆగిపోతుంది. అదే వేగంలో నేల పలకలో అదురు. క్లచ్ వదిలినప్పుడు ఒక టక్కు. క్రౌన్ బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఖాళీ) 0.45 మి.మీ. ఉంది, ఆ యాక్సిల్ పుస్తకం చెప్పేది 0.20–0.28. పళ్లు విరగలేదు, పెచ్చులు లేవలేదు. క్రౌన్‌ను జరిపే అడ్జస్టర్ నట్లు బిగించి 0.25కి తెస్తే కూత పోతుందని కొందరు, ముట్టుకుంటే ఇంకా పెరుగుతుందని మరికొందరు. ఏది సరి?

డయల్‌గేజ్:
ముట్టుకోకండి. పుస్తకంలో ఉన్న అంకె కొత్త పళ్లకు. క్రౌన్, పినియన్ జతగా రుద్ది తయారైనవి, ఆపైన ఏళ్ల తరబడి ఒకే చోట ఒకదాన్నొకటి అరగదీసుకున్నాయి. క్రౌన్‌ను లోపలికి జరిపితే పళ్లు అరిగిన చోట కాక దాని అంచు గట్టు మీద కలుస్తాయి. అక్కడ లోడ్ పడితే మొదట కూత, తర్వాత పెచ్చులు. అరిగిన జతకు బ్యాక్‌లాష్ ఎక్కువుండటం సహజం. నాలుగు చోట్ల కొలిచారా? 0.45 అన్నిచోట్లా ఒకేలా ఉంటే అరుగుదల. చోటుకీ చోటుకీ 0.08 దాటి తేడా ఉంటే క్రౌన్ వంకర తిరుగుతోంది, లేదా దాని వెనక ముఖం కింద చెత్త పడింది. అప్పుడు వాదనే వేరు.

షాఫ్ట్‌లైన్:
మూడు లక్షణాలకూ క్రౌనే కారణమని ముందే అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. ఏ శబ్దం ఎక్కడిదో లెక్క కట్టండి. టైరు ఒక చుట్టుకు సుమారు 3 మీటర్లు పోతుందనుకుంటే, 50 కి.మీ. వేగంలో చక్రం సెకనుకు 4.6 చుట్లు. దాన్ని 37/6తో, అంటే 6.17తో గుణిస్తే షాఫ్ట్ సెకనుకు 28.5 చుట్లు.

షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పితే అదురు 28.5 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. క్రాస్ (షాఫ్ట్ చివర్ల కీలు) కోణాలు కుదరకపోతే దానికి రెట్టింపు, 57 దగ్గర. పళ్ల కూత అయితే షాఫ్ట్ చుట్లకు 6 రెట్లు, సుమారు 171. ఫోన్ మైకుతో శబ్దపు పౌనఃపున్యం చూపే యాప్ ఏదైనా చాలు. క్యాబిన్ నేల మీద ఫోన్ పెట్టి, వేగం స్థిరంగా ఉంచి, ముందు తొక్కుతూ, తర్వాత కాలు తీసి చూడండి. అది చూడకుండా హౌసింగ్ విప్పవద్దు. ఇంకో మాట, దానికి ముందు ఆయిల్ మార్చకండి. చిక్కటి ఆయిల్ కూతను కొన్నాళ్లు కప్పేస్తుంది, కారణం అలాగే ఉంటుంది.

కొత్తసెట్టు:
డయల్‌గేజ్ గారూ, మీ వాదనలో ఒక లొసుగు ఉంది. బేరింగులు కూడా అరిగి ఉంటే ఆ 0.45లో పళ్ల అరుగుదల ఎంత, బేరింగు ఆట ఎంత? ఉన్నది ఉన్నట్టు మళ్లీ కూర్చడమంటే జబ్బును కూడా తిరిగి కూర్చడమే. పైగా పళ్లకు గట్టితనం పైపొరలోనే ఉంటుంది. ఆ పొర అరిగితే లోపలి మెత్తని ఉక్కు లోడ్ మోయలేదు. బరువు మోసే బండికి కొత్త జత వేయడమే న్యాయం.

డయల్‌గేజ్:
ఆట గురించి మీరన్నది ఒప్పుకుంటాను. అందుకే ముందు బేరింగు, తర్వాత పళ్లు. క్రౌన్ వెనక ముఖానికి గేజ్ ఆనించి, చిన్న గడ్డపారతో అటూ ఇటూ నెట్టి చూడాలి. క్రౌన్ 0.10 జరిగితే బ్యాక్‌లాష్ సుమారు 0.07 మారుతుంది. పినియన్ ఫ్లాంజిని ముందుకూ వెనక్కూ లాగి చూడాలి. చేతికి ఏ కాస్త ఆట తెలిసినా తప్పే.

ఇక్కడ తొక్కితేనే కూత రావడం ముఖ్యమైన ఆధారం. స్పైరల్ పళ్ల వాలు వల్ల, ముందుకు లాగేటప్పుడు పినియన్ క్రౌన్ నుంచి బయటికి నెట్టుకుంటుంది, కాలు తీస్తే లోపలికి లాక్కుంటుంది. బేరింగు ఆట ఉంటే తొక్కినప్పుడు ఒక లోతు, తీసినప్పుడు ఇంకో లోతు. పళ్లు బాగున్నా కూత పుట్టడానికి అది చాలు.

కొత్త జత ఎప్పుడు కావాలంటే: పంటి ముఖం మీద గుంటలు కనబడితే, లేదా అరిగిన మేర అంచున గోరు తట్టుకునేంత గట్టు ఉంటే. అది లేకుండా జత మార్చడం అనవసరం. మార్చాల్సి వస్తే రెండూ కలిపే మార్చాలి, జత నంబర్లు సరిపోవాలి.

కమాన్‌కట్ట:
టక్కు కోసం వెతికే వరుస: క్రాస్‌లు, స్లిప్ జాయింట్ స్ప్లైన్లు (షాఫ్ట్ జారే గాడులు), గేర్‌బాక్స్ ఫ్లాంజి నట్టు, పినియన్ నట్టు, కమాన్ (పట్టీల స్ప్రింగు) ముందు పిన్ను బుష్, యూ బోల్టులు. ఆ తర్వాతే డిఫరెన్షియల్ లోపలి వాషర్లు, యాక్సిల్ రాడ్డు స్ప్లైన్లు. కమాన్ సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ కూర్చున్న చోటి నుంచి జరుగుతుంది. యూ బోల్టులు వదులైతే పినియన్ ముక్కు తలెత్తుతుంది, కోణం పాడవుతుంది.

కోణాలు బండి చక్రాల మీద నిలబడి ఉండగానే కొలవాలి. ఛాసిస్‌కు జాకీ పెట్టి యాక్సిల్‌ను వేలాడదీస్తే వచ్చే అంకె పనికిరాదు. షాఫ్ట్ వెనక ముక్క రెండు చివరల కోణాలకు మధ్య తేడా 1 డిగ్రీ దాటకూడదు. కోణం సున్నా కూడా మంచిది కాదు, సూది రోలర్లు కదలక ఒకే చోట గుంట పడుతుంది. స్లిప్ జాయింట్ బాణం గుర్తులు కలిశాయో లేదో చూడండి, ఒక్క పన్ను తప్పినా యోక్‌లు (క్రాస్‌ను పట్టే కొమ్ములు) వరస తప్పుతాయి.

షాఫ్ట్‌లైన్:
ఫుల్ ఫ్లోటింగ్ కాబట్టి ఒక మంచి పరీక్ష వీలవుతుంది. రెండు యాక్సిల్ రాడ్డులూ లాగేయండి, బండి హబ్‌ల మీదే నిలబడుతుంది. ఇంజన్‌ను గేర్‌లో తిప్పి షాఫ్ట్‌ను నిమిషానికి 1,700 చుట్ల దాకా తీసుకెళ్లండి. అదురు అలాగే ఉంటే షాఫ్ట్‌దే, పళ్ల మీద లోడ్ లేదు కదా. షాఫ్ట్ పక్కన గానీ దాని కింద గానీ ఎవరూ ఉండకూడదు.

జాగ్రత్త: కొన్ని పాత బండ్లలో హ్యాండ్‌బ్రేక్ గేర్‌బాక్స్ వెనక డ్రమ్ము మీద ఉంటుంది. రాడ్డులు తీశాక అది బండిని ఆపలేదు. చక్రాలన్నిటికీ ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టాకే రాడ్డు బోల్టు విప్పాలి.

పాతలారీ:
కొలతలు ఇవీ. తొక్కినప్పుడు 171 దగ్గర పెద్ద శిఖరం, కాలు తీస్తే అది పడిపోతోంది. 57 దగ్గర ఇంకోటి, అది తొక్కినా తీసినా ఉంది, రాడ్డులు తీశాక కూడా ఉంది. వెనక ముక్క ముందు కోణం 2.5, పినియన్ దగ్గర 5 డిగ్రీలు. షాఫ్ట్ పినియన్ వైపు కిందికి వాలి ఉంది, పినియన్ ముక్కు ఉండాల్సిన దానికన్నా కిందికి వంగింది. పినియన్ ముందువెనకల ఆట 0.12. క్రౌన్ పక్క బేరింగుల్లో ఆట లేదు. బ్యాక్‌లాష్ నాలుగు చోట్లా 0.43–0.46. పినియన్ క్రాస్‌లో రెండు కప్పులకు గుంటలు.

డయల్‌గేజ్:
అయితే క్రౌన్ అడ్జస్టర్ల జోలికి వెళ్లే పనే లేదు. పినియన్ బేరింగులు మార్చండి. విప్పేముందు క్రౌన్ బేరింగు క్యాప్‌లకు ఎడమ, కుడి గుర్తులు పెట్టండి, అడ్జస్టర్ నట్ల స్థానాలు గీయండి, మార్కింగ్ రంగు పూసి పళ్ల ముద్రను ఫోటో తీయండి.

ఎక్కువమంది మరిచేది ఇది: పాత బేరింగు, కొత్త బేరింగు ఎత్తులను మైక్రోమీటరుతో కొలవండి. లోతు షిమ్ (పినియన్ లోతును నిర్ణయించే పలుచని రేకు) పాతదే వేసినా, బేరింగు ఎత్తు 0.05 మారితే పినియన్ అంత జరిగినట్టే. ఆ తేడాను షిమ్‌లో సరిచేయాలి.

ప్రీలోడ్ (పినియన్ బేరింగుల ముందస్తు బిగువు) కొలిచేటప్పుడు క్రౌన్ బయటే ఉండాలి, ఆయిల్ సీల్ వేయకూడదు. ఫ్లాంజికి తాడు చుట్టి స్ప్రింగు త్రాసుతో లాగండి, కదలడం మొదలైనప్పటి అంకె కాదు, నిలకడగా తిరిగేటప్పటిది చూడండి. 60 మి.మీ. వ్యాసార్ధం మీద 3 కిలోలు వస్తే సుమారు 1.8 న్యూటన్ మీటర్లు. ఎంత ఉండాలో మీ యాక్సిల్ పుస్తకం చెబుతుంది. బేరింగుల నడుమ గట్టి స్పేసరు అయితే షిమ్‌తో సరిచేయండి. నలిగే స్లీవ్ అయితే కొత్తది వేయాలి, నట్టు హద్దు దాటి బిగిస్తే వెనక్కి వదలడం కుదరదు, మళ్లీ ఇంకో స్లీవే.

తర్వాత ముద్ర మళ్లీ చూడండి. ఫోటోలో ఉన్న చోటే పడాలి. పంటి కొన వైపు జరిగితే పినియన్ కాస్త లోపలికి, మొదలు వైపు జరిగితే బయటికి.

కమాన్‌కట్ట:
కోణానికి: ముందు సెంటర్ బోల్టు, యూ బోల్టులు, విరిగిన పట్టీలు చూసి సరిచేసి మళ్లీ కొలవండి. అప్పటికీ తేడా మిగిలితేనే వాలు చీలిక (కట్టకూ యాక్సిల్‌కూ నడుమ పెట్టే ఏటవాలు పలక). మీ కట్ట యాక్సిల్ పైన ఉంటే, చీలిక మందపు అంచు వెనక్కి పెడితే పినియన్ ముక్కు పైకి లేస్తుంది. చీలిక రంధ్రంలో సెంటర్ బోల్టు తల సరిగా కూర్చోవాలి. యూ బోల్టులు కొత్తవి వేసి, లోడ్‌తో కొంత తిరిగాక మళ్లీ బిగించండి.

కొత్తసెట్టు:
బేరింగు మారిస్తే కూత పోవచ్చు, ఒప్పుకుంటాను. పైపొర ఎంత మిగిలిందో మాత్రం ముద్ర ఫోటో చెప్పదు. అందుకని కొత్త ఆయిల్ పోశాక తొలి 500 కి.మీ. దగ్గర దించి డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం చూడండి. మెత్తని బూడిద ముద్ద ఉంటే పర్వాలేదు. చేప పొలుసుల్లా మెరిసే రేకులు కనబడితే బండికి లోడ్ ఎత్తకండి, క్రౌన్ బయటికి తీయండి.