సింగిల్ ట్యాంక్‌కి బ్యాక్‌ప్లేట్, వింగ్ సెట్ చేయడంలో హెల్ప్ కావాలి

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ జాకెట్ బీసీడీతోనే (నీళ్లలో తేలడాన్ని అదుపు చేయడానికి గాలి నింపుకునే జాకెట్) స్కూబా డైవ్ చేశాను, ఈమధ్యే స్టీల్ బ్యాక్‌ప్లేట్ (వీపుకి తగిలించుకునే పలక), సింగిల్ ట్యాంక్ వింగ్ (దాని వెనక ఉండే గాలి సంచి) తీసుకున్నా. ప్లేట్‌కీ ట్యాంక్‌కీ మధ్యలో వింగ్ పెట్టి, రెండు క్యామ్ బ్యాండ్లు (ట్యాంక్‌ని పట్టి ఉంచే బెల్టులు) ప్లేట్, వింగ్ రెండింటి స్లాట్లలోంచి దూర్చి బిగించాను, అయినా నీళ్లలో పక్కకి తిరిగితే చాలు ట్యాంక్ అటూ ఇటూ ఊగుతోంది, ఒడ్డుకొచ్చి చూస్తే కింది బ్యాండ్ కొంచెం జారి ఉంది. బ్యాండ్‌ని ముందే తడిపి బిగించాలని తర్వాత తెలిసింది, నేను పొడిదే బిగించేశా, బహుశా జారింది అందుకే. కానీ ఊగడం సంగతేంటి? నా వింగ్‌కి మధ్యలో ట్యాంక్ ఆనడానికి గట్టి పట్టీల్లాంటివి ఏమీ లేవు. ప్లేట్‌లో 11 అంగుళాల దూరంలో ఉన్న బోల్ట్ రంధ్రాలకి సింగిల్ ట్యాంక్ అడాప్టర్ (ట్యాంక్ కుదురుగా ఆనడానికి పెట్టే విడి భాగం) బిగిస్తే తగ్గుతుందా, లేక ట్యాంక్ ఇంకా వెనక్కి జరిగి బ్యాలెన్స్ పోతుందా?

ఇంకోటి, తల పైకెత్తితే ఫస్ట్ స్టేజ్ (ట్యాంక్ వాల్వ్‌కి బిగించే రెగ్యులేటర్ భాగం) తగులుతోంది. ట్యాంక్‌ని కిందికి దించితే కాళ్లు మునుగుతాయేమోనని భయం. భుజం పట్టీ కింద రెండు వేళ్లు పట్టేంత వదులు ఉంచాను, మరీ బిగుతా? ఇలాంటి సెటప్ వాడేవాళ్లు ఏ వరుసలో సరిచేసుకోవాలో కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్, తర్వాతి డైవ్‌కి ముందే సరిచేసుకోవాలి.