ఉస్మానియాలో మాధ్యమం మారినప్పుడు పాత విద్యార్థులు ఏ భాషలో పరీక్ష రాశారు?

1918లో హైదరాబాద్‌లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం, ఇంజినీరింగ్‌తో సహా చదువు ఉర్దూలోనే సాగేది. ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశం మాత్రమే. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిశాక బోధన ఇంగ్లీషులోకి మారింది. నేను చూసిన చరిత్ర పుస్తకాలన్నీ ఈ మార్పును ఒక్క వాక్యంలో దాటేస్తున్నాయి. సగం చదువు ఉర్దూలో ముగించిన విద్యార్థికి అది అంత చిన్న విషయమా?

విశ్వవిద్యాలయ అనువాద విభాగం తెచ్చిన ఉర్దూ పాఠ్యపుస్తకాలు కొన్ని దొరికాయి కానీ అవన్నీ అంతకు ముందువి. గ్రంథాలయంలో ఆ సంవత్సరాల ప్రశ్నపత్రాలు లేవన్నారు. పాత పట్టాల నకళ్లు చూశాను, పరీక్ష రాసిన భాష వాటిలో కనిపించలేదు.

మీ ఇంటి పెద్దల కాగితాలు గానీ, వారు చెప్పిన మాటలు గానీ ఆధారంగా చెప్పగలరా: 1947లో బీఎస్సీలో చేరినవారు చివరి పరీక్ష ఉర్దూలో రాశారా, ఇంగ్లీషులో రాశారా?