సమస్య: ఉప్పు దిన్న యెరయె యుమిసె నీరు

నిర్వాహకుడు:
ఆదివారం కోయిల్‌సాగర్ గట్టు మీద ఒకాయన ఎర డబ్బా వంచి నీళ్లు పారబోస్తున్నాడు. ‘అందులో నీళ్లెందుకు పోశావ్?’ అన్నాను. ‘నేను పొయ్యలె సారూ, రొయ్యలే ఇడిసినయి’ అన్నాడు. ఇంటికొచ్చేలోపు పైన ఇచ్చిన పద్యపాదం పడింది. అదే చివరి పాదంగా పద్యం పూరించండి, ఇక మీ ఇష్టం.

జూరాల జాలరి:
రొయ్య లొలిచి యుప్పు రుద్ది డబ్బాలోన
మూసి పెట్టి రాత్రి ముసుగు దన్న
తెల్లవారి చూడ దేటనీ రడుగున
ఉప్పు దిన్న యెరయె యుమిసె నీరు

కల్పన ఏం లేదు, చేసే పనే చెప్పాను. దొడ్డుప్పు ఒక వరస, రొయ్య ఒక వరస. పొద్దున ఆ నీళ్లు వంపేసి ఇంకో పిడికెడు చల్లాలి. రెండో రోజుకు రొయ్య రబ్బరులా బిగుస్తుంది. గాలం ఎంత దూరం విసిరినా ఎర ఊడిపోదు. బొచ్చె, రవ్వలకు పిండిముద్ద చాలు, ఈ తిప్పలన్నీ జెల్ల కోసం, వాలుగ కోసం.

పానగల్లు పంతులు:
మూడో పాదంలో నీరు, నాలుగో పాదంలో నీరు. ఒక్క డబ్బాలో ఎన్ని నీళ్లు బాబూ? ‘దేటగా నడుగున’ అంటే సరిపోయేది.

జూరాల జాలరి:
మార్చుకుంటాను. ‘ముసుగు దన్న’ గురించి పంతులుగారు నోరెత్తలేదు, అంటే నచ్చినట్టే.

పానగల్లు పంతులు:
ఉప్పు తిన్నవాడు నుదకమ్ము ద్రావును
అందు రెల్లవార లది నిజమ్మె
గాలమునకు గట్ట గథ మారిపోయెరా
ఉప్పు దిన్న యెరయె యుమిసె నీరు

సమస్యలో ఉన్న మెలిక సామెత. దాన్ని వదిలేసి వంట చెబితే ఎట్లా?

జూరాల జాలరి:
మెలిక బాగుంది, ఒప్పుకుంటా. కానీ ‘వాడు నుదకమ్ము’లో ఆ ‘ను’ ఎక్కడి నుంచి ఊడిపడింది? వాడు, ఉదకమ్ము కలిస్తే ‘వాడుదకమ్ము’ కదా. నా డబ్బాలో నీళ్లెక్కువైతే మీ పాదంలో ‘ను’ ఎక్కువైంది.

పానగల్లు పంతులు:
‘తిన్నవాని కుదకమ్ము దప్పదు’ అని మొదట రాసి కొట్టేశాను. చూసుకోండి.

జూరాల జాలరి:
కొట్టేసిందే బాగుంది. కిందటి నెల కొర్రమట్ట పూరణలో కూడా ఇంతే, గొంతులో ముళ్ల కంప దిగిందని రాశారు. మన రాష్ట్ర చేప అది, ముళ్లు తక్కువని జనం ఎగబడి కొంటారు. దానికే ముళ్లు మొలిపించిన ఘనత మీది!

పానగల్లు పంతులు:
అది అతిశయోక్తి. ఆ సంగతి నెల కిందటే తేలిపోయింది.

కొత్తకోట:
తేలలేదు. అది అట్లా ఉంచండి. ఉమియడమంటే మా సరళాసాగర్‌ది. 1959 నాటి సైఫన్లు, చెరువు నిండితే ఎవరూ గేటు ఎత్తక్కర్లేదు, దానంతట అదే కక్కుతుంది. దాని మీద ఒక పాదం ఇవ్వమని నిర్వాహకుణ్ని ఎన్నిసార్లు అడిగానో!

నిర్వాహకుడు:
ఇస్తాను, వానలు పడనీ.

డిండిగట్టు:
వానపామునకును వద్దయ్య యీ యుప్పు
చచ్చిపోయి కదల జాల దింక
కోడి కార్జమైన గొప్పగా బిగిసెరా
ఉప్పు దిన్న యెరయె యుమిసె నీరు

పచ్చి కార్జం కొక్కేనికి గుచ్చుతుంటేనే వేళ్ల మధ్య జారిపోతుంది. ఉప్పులో ఒక రోజు పెడితే తోలులా అవుతుంది. ఎర్రలు మాత్రం తడి మట్టిలో ప్రాణంతో ఉంటేనే పనికొస్తాయి.

కొత్తకోట:
రెండో పాదం చదివి వానపాము మీద జాలేసింది. కానీ అన్నా, పంతులుగారు ‘పోయెరా’, నువ్వు ‘బిగిసెరా’. పాదం చివర గణం తక్కువైతే అందరూ ‘రా’నే పిలుస్తున్నారు.

మిర్యాలగూడ వదిన:
మా ఇంటాయన ఈ డబ్బా తెచ్చి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెడతాడు. మాగాయ ముక్కలకు ఉప్పు వేస్తే ఊట దిగదా, ఇదీ అంతే, ఇందులో వింతేముంది? అదే ఎర చెరువులో పడ్డాక మళ్లీ నీళ్లు పీల్చుకుంటుంది. అంటే సామెత ఓడిపోలేదు, కాస్త ఆలస్యమైంది. ‘రా’ లేకుండానే రాశాను.

నీట బడిన పిదప నెంత త్రాగిన గాని
డబ్బలోన నున్నటప్పు డేమి
సామెతలను వినునె చచ్చిన రొయ్యయు
ఉప్పు దిన్న యెరయె యుమిసె నీరు

జూరాల జాలరి:
వదినా, ‘సామెతలను వినునె చచ్చిన రొయ్యయు’! నా పద్యం తీసేయమన్నా తీసేస్తా.

నిర్వాహకుడు:
ఎవరూ ఏదీ తీసేయక్కర్లేదు. ఈ వారం మెలిక వదినదే.

పానగల్లు పంతులు:
బాగుందమ్మా, కాదనను. కానీ ‘రొయ్యయు’లో ఆ ‘యు’ ఎందుకు?

మిర్యాలగూడ వదిన:
మీ ‘ను’కు తోడుగా ఉంటుందని, పంతులుగారూ.