ఎండలో స్లాబ్ పని: నీళ్ళు తాగుతున్నా మధ్యాహ్నానికి తలపోటు ఎందుకు వస్తోంది?

రాడ్‌బెండింగ్_ఖమ్మం:
అపార్ట్‌మెంట్ సైటులో నాలుగో స్లాబుకి ఇనుము కడుతున్నారు. 8 మంది కుర్రాళ్ళు. పొద్దున 7కి ఎక్కి 12:30కి దిగుతారు, మళ్ళీ 2 నుంచి 5:30 దాకా పని. రోజుకి రెండు 20 లీటర్ల క్యాన్లు ఖాళీ అవుతున్నాయి, కాబట్టి నీళ్ళు తాగట్లేదని అనలేం. అయినా 3 దాటేసరికి ముగ్గురు నలుగురికి కణతలు పోటు, వికారం. నిన్న ఒకడికి వాంతి కూడా అయింది. కిరాణా కొట్లో నొప్పి బిళ్ళ కొని వేసుకుని మళ్ళీ పైకెక్కుతున్నారు. క్యాన్‌లోనే ఓఆర్ఎస్ కలిపేస్తే సరిపోతుందా? ఎంత కలపాలి? బిళ్ళ రోజూ వేసుకోవచ్చా?

సైట్_సేఫ్టీ:
ముందు లెక్క చూడండి. 40 లీటర్లు 8 మందికి అంటే మనిషికి 5. అందులో మొహం కడుక్కోవడానికి, తలమీద పోసుకోవడానికి పోయేది వేరే. ఎండలో ఇనుము మోసేవాడికి గంటకి లీటరు చెమట పోవడం మామూలే, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మీ పని 9 గంటలు. 5 లీటర్లు ఏ మూలకి?

రెండోది, క్యాన్ ఎక్కడుంది? కింద గేటు దగ్గరుంటే నాలుగంతస్తులు దిగడానికి బద్ధకించి ఎవరూ రారు. దిగినప్పుడు చెంబుడు నీళ్ళు గటగటా తాగేస్తారు. అలా తాగితే కడుపు ఉబ్బుతుంది, కాసేపటికి మూత్రంగా పోతుంది. క్యాన్ స్లాబు మీదికే ఎక్కించి, గోనెపట్టా తడిపి కప్పి, నీడన పెట్టండి. 15-20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే 240 మి.లీ. దాకా. దాహం వేసినా వేయకపోయినా తాగాలి, ఎందుకంటే దాహం తెలిసేసరికే వెనకబడి ఉంటారు. అలాగని గంటకి లీటరున్నర మించొద్దు. ఉప్పు లేని నీళ్ళు అదేపనిగా పోస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. దాని లక్షణాలూ తలనొప్పి, వికారమే. అది గమనించక ఇంకా తాగించారంటే కొంప మునుగుతుంది.

గుర్తు పట్టడం తేలిక: మధ్యాహ్నం భోజనానికి దిగినప్పుడు మూత్రం లేత ఎండుగడ్డి రంగులో ఉంటే సరే. చిక్కటి టీ డికాషన్‌లా ఉన్నా, పొద్దుట్నుంచి ఒక్కసారీ వెళ్ళకపోయినా, ఆ మనిషిని మళ్ళీ పైకి పంపకండి. బి విటమిన్ బిళ్ళలు వేసుకునేవాళ్ళకి మాత్రం ఈ రంగు పరీక్ష పనికిరాదు.

పొద్దున ఏం తిని వస్తున్నారో కూడా అడగండి. ఖాళీ కడుపుతో టీ మాత్రం తాగి ఎక్కేవాడికి తలపోటు నీళ్ళతోనే తగ్గదు. పెరుగన్నం, ఉల్లిపాయ, పచ్చడి తిని వచ్చేవాడికి ఉప్పు సగం అక్కడే అందుతుంది.

మందుల_షాపు:
క్యాన్‌లో ఓఆర్ఎస్ వద్దు. అదే రోజంతా తాగే నీళ్ళవుతుంది, మిగిలితే మర్నాడు కూడా తాగుతారు. కలిపింది 24 గంటల తర్వాత పారబోయాల్సిందే. విడిగా లీటరు సీసాల్లో కలపండి. మనిషికి రోజుకి ఒకటి, ఎండ ఎక్కువున్న గంటల్లో. మిగతాదంతా మామూలు నీళ్ళు, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ.

ప్యాకెట్ రెండు సైజుల్లో వస్తుంది. పెద్దది 21 గ్రాముల చిల్లర, లీటరుకి. చిన్నది 4 గ్రాముల చిల్లర, 200 మి.లీ.కి. జనం చేసే పొరపాటు పెద్ద ప్యాకెట్‌ని ఒక్క గ్లాసులో కలపడం. అంత చిక్కగా ఉంటే అది ఒంట్లో నీటినే పేగులోకి లాగుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 ఉంటాయి. గ్లూకోజ్ రుచి కోసం కాదు: పేగు గోడ సోడియాన్ని గ్లూకోజ్‌తో జంటగా లాక్కుంటుంది, వాటి వెంట నీళ్ళు వెళ్తాయి. కవరు మీద ఈ ఫార్ములా ఉందో లేదో చూసి కొనండి. తియ్యటి టెట్రా ప్యాక్‌లు ఓఆర్ఎస్ పేరుతో అమ్ముకోకూడదని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార పదార్థాల నాణ్యత చూసే కేంద్ర సంస్థ) ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి కొట్లాడితే గానీ ఆ మాట రాలేదు.

ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్ళకి 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. గోపురంగా కాదు, అంచుకి సమంగా గీకి. కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపండి. కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగుంటుంది గానీ సోడియం తక్కువ, చెమటకి అది ఒక్కటే చాలదు.

పీహెచ్‌సీ_డాక్టర్:
బిళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. అసలు భయం అక్కడే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, యాస్పిరిన్ లాంటివి ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు వేసుకుంటే కిడ్నీకి దెబ్బ. రక్తం తగ్గినప్పుడు కిడ్నీలోకి వెళ్ళే సన్న నాళాన్ని తెరిచి ఉంచే రసాయనాన్నే ఈ బిళ్ళలు ఆపుతాయి. రోజూ ఎండ, రోజూ బిళ్ళ అన్నది చాలా చెడ్డ జోడీ.

తలపోటు మొదలవగానే నీడకి దించండి, చొక్కా విప్పించి తడిగుడ్డతో తుడవండి, అర లీటరు ఓఆర్ఎస్ అరగంటలో గుక్క గుక్కగా పట్టించండి. నీటి కొరత వల్ల వచ్చిన నొప్పయితే చాలామందికి గంటలో తేలికపడుతుంది, బాగా ఎండిపోయి ఉంటే 2-3 గంటలు. అప్పటికీ ఉంటే పారాసిటమాల్ 650 ఒకటి, మళ్ళీ వేయాలంటే 6 గంటల ఎడం. రోజూ మద్యం తాగే అలవాటున్నవాళ్ళు, లివర్ జబ్బున్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దు. నెలలో 15 రోజులు పారాసిటమాల్ గానీ, 10 రోజులు కెఫీన్ కలిపిన బిళ్ళలు గానీ నెలల తరబడి వాడితే ఆ బిళ్ళే తలనొప్పి తెప్పిస్తుంది.

మాట తడబడినా, ఎక్కడున్నాడో తెలియకుండా మాట్లాడినా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేలోపే ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరండి; మెడ, చంకలు, గజ్జల్లో ఐసు గుడ్డలు పెట్టండి. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పని చేస్తూ పడిపోయినవాళ్ళకి చెమట ఉంటుంది. మగతగా ఉన్నవాడి నోట్లో చుక్క నీళ్ళు కూడా పోయొద్దు. ఈ జ్వరానికి పారాసిటమాల్ పనిచేయదు.

రాడ్‌బెండింగ్_ఖమ్మం:
థాంక్సండీ. ఒకతను బీపీ బిళ్ళ వాడతాడు, అతనికి ఓఆర్ఎస్ ఇవ్వొచ్చా? వాంతి అయిన కుర్రాడు వచ్చి రెండ్రోజులే అయింది.

పీహెచ్‌సీ_డాక్టర్:
బీపీ బిళ్ళ కవరు మీద హైడ్రోక్లోరోథయజైడ్ అనో, క్లోర్‌థాలిడోన్ అనో ఉందేమో చూడండి. అవి మూత్రం పోయించే మందులు, ఎండలో నీరసం వీటితో ఇంకాస్త ఎక్కువవుతుంది. ఆపేయమని మీరు చెప్పకండి, రాసిన డాక్టర్ దగ్గరికి పంపండి. ఓఆర్ఎస్ గురించీ అక్కడే అడగమనండి. గుండె, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి నీళ్ళ కొలత కూడా డాక్టరే చెప్పాలి.

సైట్_సేఫ్టీ:
కొత్త కుర్రాడిని మొదటి రోజే పూర్తి ఎండలోకి తోయడమే తప్పు. మొదటి రోజు ఐదో వంతు పని, తర్వాత రోజుకో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలి. ఒళ్ళు వేడికి అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆలోపు మధ్యాహ్నం అతన్ని కింద నీడలో రింగులు వంచే పనికి పెట్టండి. కుదిరితే అందరి పనీ 5:30కే మొదలుపెట్టి 11కి దించేయండి, సాయంత్రం 4 తర్వాత మళ్ళీ ఎక్కించండి.