అక్టోబర్ రైఫిల్ క్లినిక్: రేంజ్ వాళ్లు కాదంటున్నారు, శుక్రవారం లోపు తేల్చాలి

వాసు: అందరూ ఒకసారి చూడండి. మన టెక్సాస్ సంఘం రైఫిల్ శిక్షణకి మాట్లాడుకున్న షూటింగ్ రేంజ్ నుంచి ఇప్పుడే ఫోన్. వీసా మీద ఉన్నవాళ్లు ఎవరైనా సరే, హంటింగ్ లైసెన్స్ చూపిస్తే తప్ప రైఫిల్ ముట్టుకోనివ్వరట. మన 48 మందిలో హెచ్‌1, హెచ్‌4, ఎఫ్‌1 కలిపి 29. శుక్రవారం సాయంత్రానికి ఫైనల్ లిస్ట్ ఇవ్వాలి. పాయింట్ 22 రైఫిల్ తూటాలు (మనిషికి 150 లెక్కన 7,200, అంటే 500వి 15 పెట్టెలు), స్లింగులు (రైఫిల్‌ని చేతికి బిగించే పట్టీలు), 25 గజాల టార్గెట్లు, టెంట్లు... ఎవరి పని వాళ్లు కానిస్తూ ఉండండి. ఇది నేను చూస్తా.

రమణ: ఇదేం పద్ధతి? పోయిన నెల ఇదే మనిషి ఎంతమందినైనా తీసుకురమ్మన్నాడుగా! ట్యాక్సులు కట్టేటప్పుడు అడ్డురాని వీసా ఇప్పుడు అడ్డొచ్చిందా? వేరే రేంజ్ చూద్దాం.

కిరణ్: రమణన్నా, ఏ రేంజ్‌కి పోయినా ఇదే మాట. వాళ్ల రూల్ కాదు, ఫెడరల్ చట్టం, 922(జి)(5)(బి). నాన్-ఇమిగ్రెంట్ వీసా వాళ్ల చేతిలో తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదు. కొనడమే కాదు, అద్దెకి తీసుకున్నా, పక్కవాడిది ఐదు నిమిషాలు పట్టుకున్నా అంతే. మినహాయింపుల్లో మనకి అక్కరకొచ్చేది హంటింగ్ లైసెన్సే. గ్రీన్ కార్డ్ వాళ్లకి ఈ గొడవ లేదు.

సుజాత: మరి లైసెన్సే తీసుకోమందాం. టెక్సాస్ రెసిడెంట్‌కి 25 డాలర్లు, 17 ఏళ్ల లోపు పిల్లలకి 7. వచ్చే ఆగస్టు 31 దాకా చెల్లుతుంది. పెద్దలు 18, పిల్లలు 11, మొత్తం 527. సంఘం పెట్టుకోలేదు, ఇప్పుడే చెప్తున్నా.

మాధవి: రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చునేది నేను. వచ్చినవాళ్లందరినీ "మీది ఏ వీసా అండీ" అని అడగాలా? నా వల్ల కాదు. లైసెన్స్ ఇంట్లో మర్చిపోయి వచ్చినాయనకి మొహమాటానికి ఎవరో రైఫిల్ ఇస్తారు. ఇరుక్కునేది ఇద్దరూ. గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నవాళ్లకి అది చిన్న విషయం కాదు.

రమణ: అంటే సగం మందిని ఇంట్లో కూర్చోమంటారు. బ్యానర్ మీద కూడా రాయించండి, గ్రీన్ కార్డ్ ఉన్నవారికి మాత్రమే అని.

సుజాత: రమణ గారూ, వెటకారం వద్దు. రేంజ్ ఆయన 600 డాలర్ల అడ్వాన్స్ వెనక్కి రాదంటున్నాడు. దాని సంగతి చెప్పండి ముందు.

నర్సింగ్: జర ఆగుండ్రి. గాలి రైఫిల్ ఎందుకు పెట్టొద్దు? ఫెడరల్ చట్టంల ఫైర్‌ఆర్మ్ అంటే మందు పేలి గుండు పోయేది. గాలితోటి కొట్టేది అండ్ల రాదు, టెక్సాస్ చట్టంల గూడ రాదు. ఇగ లైసెన్స్ ముచ్చటే లేదు. (న్యూజెర్సీల మాత్రం గాలి తుపాకీ గూడ ఫైర్‌ఆర్మే. ఎడిసన్ దోస్తులకు ఇది ఫార్వర్డ్ చెయ్యకుండ్రి.) మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012ల లండన్ కంచు పతకం కొట్టింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లనే.

రమణ: బొమ్మ తుపాకులతో ఏం నేర్పిస్తాం నర్సింగ్?

కిరణ్: అన్నా, ఒలింపిక్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. దాన్ని బొమ్మ అనకండి. కొత్తవాళ్లకి ఇదే మేలు కూడా. పెద్ద చప్పుడుండదు కాబట్టి ఉలికిపడి ట్రిగ్గర్ గుంజెయ్యరు. గుండు సెకనుకి 500, 600 అడుగులే, బ్యారెల్ దాటేలోపు భుజం కదిపితే కాగితం మీద తెలిసిపోతుంది. మీరు కాల్చే లైన్ దగ్గర లేకపోతే మాత్రం ఇది జరగదు.

మాధవి: బ్యాడ్మింటన్ హాల్ వాళ్లని కదిపి చూశా. ఆదివారం 11 నుంచి 5 దాకా పక్కపక్క కోర్టులు రెండు ఇస్తారట. మ్యాట్ మీద గీత పడకూడదు, సీసం గుండు ఒక్కటి మిగలకూడదు.

కిరణ్: సరిపోతుంది. కోర్టు పొడవు 44 అడుగులు, మనకి కావాల్సింది 33. రెండు కోర్టుల వెడల్పు 40, లేన్‌కి 4 చొప్పున 8 లేన్లు. ట్రాపుల (గుళ్లు పట్టే పెట్టెల) వెనక అర అంగుళం ప్లైవుడ్, 4×8 షీట్లు ఎనిమిది నిలువుగా. వాటి ముందు పాత దుప్పట్లు వదులుగా వేలాడాలి, బిగించి కడితే గుండు వెనక్కి తన్నుతుంది. ఫైర్ ఎగ్జిట్‌కి తాళం వెయ్యనివ్వరు, అందుకే టార్గెట్లు దానికి ఎదురు గోడ వైపు. 8 మంది చొప్పున 6 బ్యాచ్‌లు, 40 నిమిషాలు, తలా 30 గుళ్లు. మొత్తం 1,440. మొన చదునుగా ఉండే 4.5 మి.మీ. పెల్లెట్లు, 500వి డబ్బాలు 4 తెండి.

నర్సింగ్: రైఫిళ్లు 4-హెచ్ (పిల్లల క్లబ్బుల సంస్థ) వాళ్లు ఎనిమిది ఇస్తరు, వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ ఒకాయన ఉండాలె. అన్నీ సింగిల్ స్ట్రోక్‌వే, గుండుకు ఒక్కపారే పంపు. బోల్ట్ తెరిచినంకనే పంప్ కొట్టాలె. పంపు లివర్ సగంల ఇడిస్తె ఏళ్లు నలుగుతయ్, పదేండ్ల పోరగాండ్లకు పక్కనున్న కోచే కొట్టియ్యాలె. గడ్డి కోసే ట్రిమ్మర్ల రంగు తీగ ఉంటది సూడుండ్రి, అది బ్యారెల్ కన్న ఆరంగుళాలు పొడుగ్గ ఎనిమిది ముక్కలు కొయ్యుండ్రి. కొట్టనప్పుడు బ్యారెల్‌ల అటూ ఇటూ కనపడుతుండాలె. తీగ లేకుంటే రైఫిల్ టేబుల్ మీద పెట్టనియ్యను.

రమణ: సరే. లైన్ నేను చూస్తా. కోచ్‌లు ఇది చదువుకుని రండి. ముందు ఏ కన్ను బలమో చూడండి: రెండు చేతులు చాచి, అరచేతుల మధ్య చిన్న సందులోంచి గోడ మీద చుక్క చూపించి, ఒక్కో కన్ను మూయించండి, ఏ కన్ను తెరిచి ఉంటే చుక్క కనపడుతుందో అదే బలమైంది. ఎడమ కన్ను బలమైతే ఎడమ భుజమే, కుడిచేతి వాటమైనా సరే. మొదటి ఐదు గుళ్లు ఎక్కడ పడ్డా సైట్ జోలికి పోవద్దు. గుళ్లు ఒకచోట గుంపుగా పడ్డాకే సైట్ క్లిక్కులు తిప్పాలి. గుంపు నిలువుగా సాగితే ఊపిరి వల్ల, కుడిచేతివాళ్లకి కుడి కిందకి జారితే ట్రిగ్గర్ గుంజుడు. గురి పెట్టాక కళ్లు మూసుకుని రెండుసార్లు ఊపిరి తీసి తెరవమనండి. చుక్క పక్కకి పోయుంటే చేతులతో తొయ్యకుండా పాదాలు జరపాలి, పడుకుని కొట్టేవాళ్లు నడుం జరపాలి. పడుకున్నప్పుడు ఫ్రంట్ సైట్ గుండె కొట్టుకున్నట్టు ఎగురుతుంటే స్లింగ్ జబ్బ మీద మరీ బిగిసినట్టు, కాస్త పైకి జరపండి. గాజులు, వాచీలు తీసి రమ్మనండి. రక్షణ కళ్లద్దాలు అందరికీ, చూసేవాళ్లకి కూడా. "సీజ్ ఫైర్" (కాల్చడం ఆపండి) అని ఎవరైనా అరవచ్చు, చిన్నపిల్లలైనా.

మాధవి: పిల్లలు పెల్లెట్లు పెదాల మధ్య పెట్టుకుంటారు, అది చూసుకోండి. సీసం. చేతులు సబ్బుతో కడిగాకే పులిహోర. ఫుడ్ టేబుల్ హాల్ బయట వరండాలో వేయిస్తా. యోగా మ్యాట్లు నా దగ్గర ఐదున్నాయి, ఇంకో మూడు కావాలి.

వాసు: రేంజ్ ఆయనతో మాట్లాడా. 600 మార్చికి జమ చేస్తాడట, అప్పుడు గ్రీన్ కార్డ్, సిటిజన్ పెద్దలతో పాయింట్ 22 పెట్టుకోవచ్చు.

సుజాత: ఆ ముక్క ఈమెయిల్‌లో రాయించుకో తమ్ముడూ. నోటిమాట చాలదు. ప్లైవుడ్ ఎవరి ట్రక్కులో?

నర్సింగ్: నాదాంట్ల. శనివారం పొద్దుగాల ఎనిమిదింటికి ఇద్దరు రావాలె, ఒక్కన్తోటి కాదు.

రమణ: నేనొస్తా. ఇంకొకరు చెప్పండి.