కాలిఫోర్నియాలో 94 మియాటాకి టర్బో పెడితే స్మాగ్ పాసవుతుందా?

ప్రశ్న: ఫ్రీమాంట్‌లో ఉంటాను. 1994 మాజ్దా మియాటా, 1.8 లీటర్ల ఇంజిన్, ఫ్రీవే ఎక్కేటప్పుడు మరీ నీరసంగా లాగుతోంది. టర్బో కిట్ పెడదామని ఉంది. స్మాగ్ టెస్టులో, అంటే బండి పొగ తనిఖీలో, పొగ తక్కువొస్తే చాలు, పాస్ చేసేస్తారని ఒకాయన అన్నాడు, నిజమేనా?

జవాబు 1: కాదండీ. పైపు దగ్గర రీడింగ్ ఎంత బాగున్నా బానెట్ ఎత్తి కూడా చూస్తారు, కిట్‌కి కార్బ్ (కాలిఫోర్నియా వాయు కాలుష్య బోర్డు) వాళ్లిచ్చిన ఈఓ నంబరు, అంటే ఆ భాగం వాడొచ్చనే అనుమతి నంబరు ఉండాలి, అదీ మీ మోడల్‌కి, మీ సంవత్సరానికి వర్తించేదై ఉండాలి, లేకపోతే అక్కడే ఫెయిల్.

జవాబు 2: టెస్టుకి ముందు పీకేసి తర్వాత బిగిద్దామనే ఐడియా మాత్రం పెట్టుకోకండి. రెండేళ్లకోసారి ఆ గోల ఎవడు పడతాడు, పైగా అదీ రూల్‌కి విరుద్ధమే. కారు అమ్మాలన్నా స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది మీరే. పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని ముట్టుకోకుండా దాని వెనకున్న ఎగ్జాస్ట్ మార్చుకోవచ్చు, ఈఓ అక్కర్లేదు. శబ్దం వస్తుంది, పవర్ అంతంతమాత్రమే.

ప్రశ్న అడిగినవారు: మరి పాత కార్లకి మినహాయింపు ఉందన్నారే?

జవాబు 1: 1975, అంతకుముందు మోడళ్లకే. మీది పిల్లకారు! ముందు ప్లగ్‌లు, ఆక్సిజన్ సెన్సర్, ఇగ్నిషన్ టైమింగ్ చూపించండి, నీరసం అక్కడే ఉండొచ్చు.