సెసామీ ప్రయోగశాల వల్ల దౌత్యానికి దారి ఏర్పడిందా?

గోదారిగట్టు (ప్రశ్న):
జోర్డాన్‌లోని అల్లాన్‌లో 2017 మే నెలలో ప్రారంభమైన సెసామీ సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను వేగంగా తిప్పి, పరిశోధనకు పనికొచ్చే ప్రకాశవంతమైన ఎక్స్-కిరణాలను పుట్టించే యంత్రం) కేంద్రంలో ఇరాన్, ఇజ్రాయెల్, పాలస్తీనా, పాకిస్థాన్, టర్కీ, సైప్రస్ సభ్యులు. ఒకదాన్నొకటి దేశంగానే గుర్తించని ప్రభుత్వాల ప్రతినిధులు ఒకే మండలిలో కూర్చుంటున్నారన్నమాట. దానివల్ల ఆ ప్రభుత్వాల మధ్య చర్చలు మొదలైన దాఖలా ఉందా? లేకపోతే దాన్ని దౌత్యం అనడం అతిశయోక్తి కాదా?

భౌతికమాస్టారు:
దాఖలా లేదండీ. ఈ కేంద్రంతో సంబంధమున్న ఇరాన్ శాస్త్రవేత్తలు మసూద్ అలీమొహమ్మది, మజీద్ షహ్రియారీ 2010లో టెహ్రాన్‌లో హత్యకు గురయ్యారు. ఇరాన్ ఆ నేరాన్ని ఇజ్రాయెల్‌పై మోపింది. అయినా సభ్యత్వం వదులుకోలేదు. ఆ తరువాత ఆంక్షల వల్ల తన వాటా డబ్బు పంపడమే దానికి కష్టమైంది. తెగిపోకుండా నిలవడం కూడా చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

రాతిపొర:
నిలవడం వేరు, దారి తీయడం వేరు. దారి తీసిన ఉదాహరణ కావాలంటే 1986 చూడండి. భూగర్భ అణుపరీక్షలు 150 కిలోటన్నులు దాటకూడదని అమెరికా, సోవియట్ యూనియన్ 1974లోనే ఒప్పందంపై సంతకాలు చేశాయి గానీ, అవతలివారు హద్దు మీరుతున్నారన్న అమెరికా అనుమానంతో అది అమలుకు నోచుకోలేదు. అసలు చిక్కు రాతిలో ఉంది: కజక్‌స్థాన్‌లోని సోవియట్ పరీక్షాస్థలం సెమిపలాటిన్స్క్ కింది గట్టి రాయి భూకంప తరంగాలను అమెరికా పరీక్షాస్థలమైన నెవాడా కన్నా బలంగా మోస్తుంది కాబట్టి, నెవాడా కొలతతో లెక్కిస్తే సోవియట్ పేలుడు ఉన్నదానికన్నా పెద్దదిగా తేలేది. ఆ రాయి తరంగాలను ఎలా మోస్తుందో కొలవడానికి 1986లో ఒక అమెరికా స్వచ్ఛంద సంస్థ సోవియట్ సైన్స్ అకాడమీతో ఒప్పందం చేసుకుని కజక్‌స్థాన్‌లోనే కర్కరాలిన్స్క్ వద్ద భూకంపమాపకాలు పెట్టింది. 1988లో రెండు ప్రభుత్వాలే పరస్పరం పరీక్షాస్థలాలకు వెళ్లి పేలుళ్లను కొలిచాయి, 1990లో ఒప్పందం అమలులోకి వచ్చింది. ఇక్కడ శాస్త్రం స్నేహానికి సాకు కాలేదు. తగవే కొలత గురించి. సెసామీలో అటువంటిది లేదు, ఇరాన్‌కూ ఇజ్రాయెల్‌కూ ఎక్స్-కిరణాల మీద తగాదా ఏముంది?

గోదారిగట్టు:
ఈ తేడా నాకు తట్టలేదు. కానీ సోవియట్ నేత గోర్బచేవ్ 1985 ఆగస్టులో అణుపరీక్షలను ఏకపక్షంగా ఆపకపోయి ఉంటే ఆ పరికరాలు అక్కడికి చేరేవా?

రాతిపొర:
చేరేవి కావనే అనుకుంటున్నాను. 1987 ఫిబ్రవరిలో సోవియట్ పరీక్షలు తిరిగి మొదలయ్యాక, పేలుడు జరిగే వేళకు ఆ పరికరాలను ఆపేయవలసి వచ్చేది.